మా ఆయన లుంగీలు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టినప్పుడు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఒడిశాలో రాయగడ. మీ ఆయనకు అల్సరేటివ్ కోలైటిస్ అనే పెద్దపేగు జబ్బు రెండేళ్లు అణిగి ఉండి మళ్లీ తిరగబెట్టింది. ఆయన ఏమీ చెప్పరు, అడిగితే అరుస్తారు. అత్తగారేమో నీ వంట వల్లే అంటున్నారు. నేనేం చెయ్యాలి అని అడిగారు. మాది గుణుపురం. మా ఇంట్లోనూ ఇదే జబ్బు, ఇవే అరుపులు, ఇంచుమించు ఇదే అత్తగారు. ఆవిడ ఫోన్లో ఇలాంటివి చదవరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను, ఇంట్లో జాకెట్లు కుడతాను. కింద రాసే మందులు, మోతాదులు మా ఆయనకు రాసినవి. మీ ఆయనకు మీ డాక్టరు చెప్పినవే లెక్క.

మా ఆయనది మోటారు వైండింగు షాపు. 2016లో ఆయనకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. ఒకరు మొలలన్నారు, ఇంకొకరు అమీబా అన్నారు. ఏడాదిన్నర ఆ మందులే మింగాం. 2017 చివర్లో విశాఖపట్నంలో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష చేసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాక జబ్బు పేరు తెలిసింది. పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడుతుందట. బయటి శత్రువుల మీదికి పోవాల్సిన ఒంటి కాపలా మన పేగు మీదికే తిరగబడటం. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు కానీ అణిచి ఉంచే మాత్రలున్నాయి. మెసలమైన్ వేశాక నెలన్నరలో రక్తం ఆగింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా మనిషి మామూలుగా ఉన్నారు. పర్లాకిమిడిలో ఒక పెళ్లికి వెళ్తే రెండోసారి గారెలు వేయించుకుని తిన్నారు. నేను పక్కన కూర్చుని ఆ గారెల్నే చూస్తూ ఉన్నాను, అది వేరే సంగతి.

మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. తిరగబెట్టినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ ఆ తప్పు కోసమే వెతుకుతారు. మీ అత్తగారు మీ వంటలో వెతుకుతున్నారు. నేను మా ఆయన మాత్రల డబ్బాలో వెతికాను. నాకు దొరికింది కూడా. దొరకడం వల్ల ఏమీ బాగుపడలేదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

2022 మే నెల. వైండింగు షాపుకు అదే సీజను. ఫ్యాన్లు, పొలం మోటార్లు గుమ్మం దాకా పేర్చి ఉంటాయి. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా ఒక చేతిరుమాలు ఉతికి ఎరగని మనిషి తెల్లారకముందే లేచి పెరట్లో లుంగీ ఉతుక్కుంటున్నారు. మొదటి రోజు ఉక్కపోతకు చెమట పట్టిందేమో అనుకున్నాను. మూడో రోజు తీగ మీద మూడు లుంగీలు వరసగా ఆరుతుంటే అర్థమైంది. అడిగితే "బాగానే ఉంది" అన్నారు. షాపులో ఎవరు పలకరించినా ఒడియాలో "భొలొ ఒఛి" అనడం ఆయనకు అలవాటు. ఇంట్లో దాన్నే తెలుగులో అన్నారు, అంతే.

మధ్యాహ్నం అన్నం క్యారేజీ ఇవ్వడానికి షాపుకి వెళ్లి, ఆయన బయట బేరం మాట్లాడుతుంటే రాగి తీగ చుట్టల వెనక చెయ్యి పెట్టి చూశాను. విప్పని మాత్రల అట్టలు దొరికాయి. లెక్కపెడితే రెండు నెలలవి. ఉగాది నుంచే మానేశారన్నమాట. నేను నెలనెలా మందుల షాపుకి వెళ్లి కొనడం, ఆయన రోజూ నా ముందు డబ్బాలోంచి తీసుకుని జేబులో వేసుకోవడం.

ఆ రాత్రి నేను అరిచిన అరుపు పక్కింటి వాళ్లూ విన్నారు. అత్తగారి ముందు, ఎనిమిదో క్లాసు చదివే అమ్మాయి ముందు అట్టలన్నీ మంచం మీద పరిచి మరీ అడిగాను. న్యాయంగా చూస్తే నాకు కోపం రావడంలో తప్పు లేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ దాని ఫలితం ఏమిటంటే ఆయన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజుల్లో రక్తం ఎంత పోయిందో నాకు తెలియదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చాక గానీ అంత పోయిందని తెలియలేదు.

విశాఖలో గ్యాస్ట్రో డాక్టరు గారి గదిలో కుర్చీలో కూర్చోగానే నేను చెప్పిన మొదటి మాట, "మాత్రలు మానేశారండీ." ఆయన మా ఆయన వైపే చూస్తూ వేరే ప్రశ్న అడిగారు, ఈమధ్య నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా అని. వేసుకున్నారు, పంటి నొప్పికి వారం రోజులు. అప్పుడు చెప్పారు. అణిగి ఉన్నప్పుడు మెసలమైన్ మానేస్తే తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది, కొందరికి నొప్పి మాత్రలతోనూ రేగుతుంది. కానీ ఒక్క పూట తప్పకుండా మింగిన వాళ్లకీ తిరగబెడుతుంది. అందుకని దీని వల్లే అని వేలు పెట్టి చూపించలేం అన్నారు. ముందు మలపరీక్ష చేయించి ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకున్నారు, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ వచ్చినా అచ్చం తిరగబెట్టినట్టే ఉంటుంది. పేగు వాపు కొలవడానికి కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష కూడా మలంలోనే చేస్తారు. మీకు చెయ్యకపోతే అడగండి, ప్రతిసారీ కొలనోస్కోపీ దాకా వెళ్లకుండా దాంతో చాలా వరకు తెలుస్తుంది.

ఈసారి మాత్రలతో పాటు రాత్రిపూట మెసలమైన్ ఎనిమా కూడా రాశారు. మా ఇంట్లో మాటలు మళ్లీ మొదలైంది దాని దగ్గరే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చిన్న సీసా, మూతి పొడవుగా ఉంటుంది. బాగా కుదిపి, ఎడమ వైపుకి తిరిగి పడుకుని లోపలికి ఎక్కించుకోవాలి. పెద్దపేగు చివరి భాగం ఎడమ పక్కనే ఉంటుంది, అలా పడుకుంటే మందు పైదాకా పాకుతుంది. కనీసం అరగంట అలాగే ఉండాలి, రాత్రంతా మందు లోపల నిలిస్తే ఇంకా మంచిది. ఆయనకు సిగ్గు. నన్ను గదిలోంచి వెళ్లిపొమ్మన్నారు. నేను పాత దుప్పటి మడిచి, దాని కింద అమ్మాయి పుస్తకాలకు అట్టలు వెయ్యగా మిగిలిన ప్లాస్టిక్ షీటు పరిచి బయటికి వచ్చేశాను. మొదటి రెండు రాత్రులూ మందు నిలవలేదు, దుప్పటి పాడైంది. మూడో రాత్రి ఆయనే పిలిచారు.

మా మంచం గోడకు ఆనించి ఉంటుంది. ఎడమకు తిరిగితే ఆయన ముఖం గోడకు, వీపు నాకు. మందు నిలవాలంటే కదలకూడదు. అరగంట సేపు ఆ వీపు చూస్తూ పడుకోవడం నా వల్ల కాలేదు. నాలుగో రోజు పగలు, అమ్మాయీ నేనూ కలిసి మంచం లాగి తలవైపు కాళ్లవైపు మార్చేశాం. ఎందుకమ్మా అంటే వాస్తు అని చెప్పాను. ఆ రాత్రి నుంచి ఎడమకు తిరిగితే ఆయన ముఖం నా వైపే. దీపం ఆర్పేసి, కదలడానికి లేక, వేరే పని లేక, అరగంట. మొదట్లో షాపు సంగతులే చెప్పారు. పదో రోజుకో ఏమో, అడక్కుండానే అన్నారు, "నాలుగేళ్లయింది కదా, ఒక్క నెల మాత్ర లేని మనిషిలా ఉండి చూద్దామనుకున్నాను. ఒక్క నెలే అనుకున్నాను." ఇంకాసేపటికి, "రక్తం కనబడ్డప్పుడే చెబుదామనుకున్నాను. కానీ నువ్వు అట్టలు లెక్కపెడతావని తెలుసు" అన్నారు.

అంటే మాత్రలు మానెయ్యడం ఆయన పని. రక్తం దాచడానికి సగం కారణం నేను. నాలుగేళ్లు ఆయన పళ్లెంలో ఏముందో, బాత్రూములో ఎంతసేపున్నారో, అట్టలో ఎన్ని మాత్రలు మిగిలాయో చూస్తూ కాపలా కాశాను. అది ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ కాపలాదారు దగ్గర దొంగతనం దాస్తారు గానీ చెప్పుకుంటారా?

అప్పటి నుంచి ఒక ఒప్పందం చేసుకున్నాం. మా వంటింట్లో తెలుగు క్యాలెండరు ఉంది, పాల లెక్క అందులోనే రాస్తాం. ప్రతి తేదీ గడిలో కింది మూల ఆయన ఒక అంకె వేస్తారు, ఆ రోజు ఎన్నిసార్లు వెళ్లారో. రక్తం పడితే అంకె చుట్టూ సున్నా చుడతారు. అంతే. నేను చూస్తాను, అడగను. అడగకుండా ఉండటం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. 7 చుట్టూ సున్నా చూసి పోపు మాడ్చిన రోజులున్నాయి. నెలాఖరుకి పాలవాడు లెక్క కట్టబోయి, ఏంటమ్మా ఈ నెల రోజుకి ఏడు ప్యాకెట్లు వేయించుకున్నారా అన్నాడు. ఆ జబ్బులో మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదటిసారి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని ఫోటో తీసుకెళ్తే, "కొంచెం తగ్గిందండీ, మళ్లీ పెరిగిందండీ" అనే అవసరం ఉండదు.

ఆ అంకెకి ఒక గీత మాత్రం ముందే గీసుకోవాలి, అది దాటితే ఒప్పందాలు లేవు. రోజుకి ఆరు అంతకు మించి రక్త విరేచనాలు, దానికి తోడు జ్వరమో, కూర్చున్నా గుండె దడదడా కొట్టుకోవడమో, నాడి నిమిషానికి 90 దాటడమో ఉంటే ఇంట్లో ఉండకూడదు, ఆస్పత్రిలో చేరాల్సిందే. నాకు కుతూహలం ఎక్కువ, ఈ లెక్క ఎక్కడిదా అని చదివాను. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఇద్దరు ఇంగ్లండు డాక్టర్లు వేసిన కొలత, ఇప్పటికీ డాక్టర్లు దాన్నే చూస్తారు. కడుపు ఉబ్బి నొప్పి ఆగకపోయినా అంతే. ఇవి కనబడితే ఆయన అరిచినా సరే, బండి పిలవండి.

అరుపుల సంగతి. మీ ఆయనకు ఇప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నారా? మీరు రాయలేదు. వాడుతుంటే కొంత అరుపు ఆ మాత్రదే. మా ఆయనకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గించారు. ఆ మొదటి మూడు వారాలు మనిషి మనిషి కాదు. రాత్రి రెండింటికి లేచి షాపు లెక్కలు చూసుకునేవారు, మూడింటికి ఆకలి అనేవారు, ఆరింటికి గ్లాసు ఎక్కడ పెట్టావని గొడవ. ముఖం గుండ్రంగా ఉబ్బింది. బజార్లో అందరూ ఒళ్లు చేశావయ్యా, బాగున్నావు అనేవారు. మాత్ర పొద్దున టిఫిను తర్వాతే వేస్తే నిద్ర కాస్త నయం. షుగరు, బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఇది బాగానే పనిచేసింది కదా అని దీర్ఘకాలం వాడే మందు కాదు. అలాగని విసుగొచ్చి ఒక్కసారిగా ఆపకూడదు, ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన అన్న మాటల్ని నేను ఆయన ఖాతాలో రాయలేదు. అన్నీ కాదు లెండి, రెండు మూడు రాసుకున్నాను.

ప్రయాణం విషయంలో మీరు మాకంటే అదృష్టవంతులు. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకి రైళ్లున్నాయి. బస్సు వద్దు. బస్సు ఆపమని కండక్టర్ని అడగాల్సి వస్తుందేమో అన్న టెన్షన్‌తోనే కడుపు కదులుతుంది. మేము ఒకసారి పార్వతీపురం వైపు బస్సులో వెళ్లి, ఆయన ముందురోజు సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు, దిగేసరికి కళ్లు తిరిగాయి. ఇప్పుడు నౌపడా మీదుగా వెళ్లే పాసింజరే. అందరూ వద్దనే బాత్రూము పక్క సీటు మేము వెతుక్కుని కూర్చుంటాం. రిజర్వేషను చేయిస్తే మీరూ పెట్టె చివరి బెర్తులు చూసుకోండి. సంచిలో ఒక లుంగీ, పాత టవలు, నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మాట్లాడకుండా సర్దేసి ఆయన చేతికందే చోట పెట్టండి.

నేను చేసిన ఇంకో పొరపాటు చెబుతాను. షాపులో బాత్రూము లేదు. పక్కన మిఠాయి కొట్టు ఒడియా ఆయన ఇల్లు కొట్టు వెనకే. ఆయన భార్య నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆమెకు విషయం చెప్పి, అవసరమైతే మీ బాత్రూము వాడుకోనివ్వండి అని అడిగాను. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. మా ఆయన మాత్రం నా జబ్బు బజారున పెట్టావని రెండు రోజులు అటు తలెత్తి చూడలేదు. మూడో రోజు తప్పక వెళ్లారు, ఇప్పుడు అలవాటే. పని జరిగింది కాబట్టి నేను చేసింది ఒప్పు అనుకోను. ముందు ఆయన్ని అడిగి ఉండాల్సింది, ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు ఆయనది.

డబ్బు గురించి రెండు ముక్కలు. సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకూ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. అది అక్కడి కార్డు ఉన్న వాళ్లకే. మనకు ఒడిశాలో ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఉంది, అదీ ఆస్పత్రిలో చేరితేనే, రోజూ వేసుకునే మాత్రలకు కాదు. ఆ మాత్రల ఖర్చే అసలు ఖర్చు. మా డాక్టరు గారిని మొహమాటపడకుండా అడిగితే అదే మందు తక్కువ ధర కంపెనీది రాశారు. మా ఆయన మానెయ్యడానికి ఆ ఖర్చు కూడా ఒక కారణమని ఆ అరగంటల్లోనే తెలిసింది. ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షనుకి పెట్టాల్సిన డబ్బు లెక్క చూసుకున్నారట.

మీ గురించి మీరు ఒక్క వాక్యమూ రాయలేదు. నేనూ అప్పట్లో అంతే. ఆ సీజను మొత్తం పగలు షాపులో బిల్లులు రాసి, రాత్రి కుట్టుపని చేసి, ఒకరోజు ఎవరిదో జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టాను. పార్వతీపురం నుంచి మా అమ్మ వచ్చి పది రోజులు ఉంది. రమ్మని నేను అడగలేదు, జాకెట్టు సంగతి ఫోన్లో చెబితే బయల్దేరి వచ్చేసింది. మీకు అలాంటి వాళ్లెవరైనా ఉంటే మీరు అడిగే పిలవండి.

ఇక మీ అసలు బాధ, వంట. ఫలానా కూర తింటే ఈ జబ్బు తిరగబెడుతుందని మా డాక్టరు గారు ఎప్పుడూ అనలేదు. రేగి ఉన్నప్పుడు మాత్రం కొన్ని పడవు. మా ఆయనకు పాలు, పచ్చిమిరప, చోడి (రాగి) అంబలి, కొబ్బరి పడలేదు. మెత్తటి అన్నం, పెరుగు, అరటిపండు, బంగాళదుంప, అరటికాయ వేసి బాగా ఉడికించిన దాల్మా (ఒడియా వాళ్ల కూరగాయల పప్పు) పడ్డాయి. మీ ఆయనకు వేరేగా ఉండొచ్చు, రెండు వారాలు రాసుకుంటే తెలుస్తుంది. తగ్గాక అన్నీ మెల్లగా తినిపించండి, భయపడి ఏడాదంతా పెరుగన్నమే పెడితే మనిషి నీరసించిపోతాడు.

మా అత్తగారికి ఇదంతా నేను చెబితే ఎక్కలేదు. ఒంట్లో వేడి అన్నారు, నా కూరల్లో కారం అన్నారు, ఇక్కడ ఏప్రిల్లో వచ్చే పణా సంక్రాంతికి ఒడియా వాళ్లు చేసుకునే మారేడు పానకం రోజూ తాగిస్తే మాత్రలే అక్కర్లేదన్నారు. నాలుగుసార్లు వాదించాను. ఐదోసారి వాదించడం మానేసి, తర్వాతి చెకప్‌కి ఆవిడకీ టికెట్టు తీసుకున్నాను. మీరూ అదే చెయ్యండి. లోపల డాక్టరు గారిని ఆవిడే నేరుగా అడిగారు, కోడలి వంట వల్లేనా బాబూ అని. ఆయన నవ్వి, కాదమ్మా, మీరు వండినా వచ్చేదే అన్నారు. మారేడు పానకం ఇష్టమైతే తగ్గాక తాగమనండి, మాత్రకు బదులుగా మాత్రం కాదు అన్నారు. ఆవిడ బయటికి వచ్చాక ఏమీ మాట్లాడలేదు. తిరుగు రైల్లో పొందూరు దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు, "నీ వంట వల్లని నేనెప్పుడన్నానే?"